నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌తో రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

కనిగిరి విద్యార్థిని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా బ్యాచ్‌లో చాలామంది మూడో ఏడాదితోనే డిగ్రీ ముగించుకుని వెళ్లిపోగా, పరిశోధన వైపు వెళ్లాలన్న కోరికతో నేను నాలుగో ఏడాదికి ఉండిపోయాను. ఇప్పటివరకు సగటు 78 శాతం వచ్చింది. ప్రాజెక్టుగా మా మండలంలోని కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో స్పాడ్‌న్స్ అనే రంగు మార్పు పద్ధతిలో కొలుస్తున్నాను. బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న మా కనిగిరి ప్రాంతం గురించి తెలిసినవారికి ఈ అంశాన్ని ఎందుకు ఎంచుకున్నానో వేరే చెప్పనక్కరలేదు.

పీజీ చేయకుండా ఈ డిగ్రీతోనే రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చునని కొందరు, అది ఐఐటీలలో చదివినవారికేనని మరికొందరు చెబుతున్నారు. ఏది నిజం? దరఖాస్తుతో పాటు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం చేశాను, ఎందుకు చేరాలనుకుంటున్నాను అని చెప్పే వ్యాసం) అడుగుతున్నారు; అందులో ఏం రాయాలో, ఏం రాయకూడదో నాకు తెలియడం లేదు. రెండు సిఫారసు లేఖలు కూడా కావాలట. మా అధ్యాపకులు ఎంతో శ్రద్ధగా పాఠం చెబుతారు గానీ, వారిలో పరిశోధన చేసినవారు ఒక్కరే. అలాంటివారు రాసిన లేఖకు విలువ ఉంటుందా?

ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. వారి మాట కొట్టిపారేయదగింది కాదు. నాన్నగారి ఒక్కరి సంపాదన మీదే ఇల్లు గడుస్తోంది. అందువల్ల ఫెలోషిప్ అంటే నెలకు చేతికి ఎంత వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది అన్నది కూడా నాకు ముఖ్యమే. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను కాబట్టి ఇంటర్వ్యూ అంటే కొంత భయంగా ఉంది. అనుభవం ఉన్న పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

హైదరాబాద్ స్కాలర్

నేను నిజామాబాద్ జిల్లాలో డిగ్రీ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ మొదటి సందేహానికి సమాధానం: నిస్సందేహంగా చేయవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం నాలుగేళ్ల, అంటే ఎనిమిది సెమిస్టర్ల డిగ్రీలో మొత్తం మీద కనీసం 75 శాతం తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి నాలుగేళ్ల డిగ్రీవారిని జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌కు కూడా అనుమతిస్తున్నారు. ఐఐటీలో చదివారా, ఊళ్లోని ప్రభుత్వ కళాశాలలో చదివారా అన్న తేడా ఈ నిబంధనలో ఎక్కడా లేదు. మూడేళ్లకే డిగ్రీ ముగించినవారికి మాత్రం ఈ దారి లేదు.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, యూజీసీ చెప్పింది కనీస అర్హత. ఒక విశ్వవిద్యాలయం లేదా ఒక ప్రయోగశాల అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. ఇప్పటికీ పీజీ ఉన్నవారినే పిలిచే విభాగాలు ఉన్నాయి. అందుకని ప్రతి సంస్థ ప్రకటననూ విడిగా చదవాలి. రెండోది, నాలుగేళ్ల డిగ్రీతో నెట్ రాసినవారికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే దక్కుతాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత రాదు. ఇంట్లో ఉపాధ్యాయ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నారు కనుక ఈ తేడాను ముందే వారికి చెప్పడం మంచిది.

ఇక డబ్బు సంగతి. కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) లేదా యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తరువాత మీ పనిని సమీక్షించి సీనియర్ ఫెలోషిప్‌కు మారుస్తారు, అప్పుడు 42,000. రెండూ కలిపి ఐదేళ్ల వరకు వస్తుంది. హాస్టల్ గది దొరకనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. అయితే చేరిన మొదటి నెలలోనే డబ్బు ఖాతాలో పడుతుందని అనుకోకండి. చేరిక పత్రాలు వెళ్లి, బ్యాంకు వివరాలు సరిపోల్చి, తొలి విడత వచ్చేసరికి కొన్ని నెలలు పట్టడం మామూలే. ఆ తరువాత ఒకేసారి బకాయిలతో వస్తుంది. అప్పటివరకు హాస్టల్, మెస్ ఖర్చులకు ఏదో ఒక ఏర్పాటు చేసుకుని బయల్దేరాలి. సామాన్య కుటుంబాల నుంచి వచ్చిన మా లాంటివారికి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇది.

జేఆర్‌ఎఫ్ పేరుతో రెండు రకాలు ఉన్నాయని కూడా తెలుసుకోండి. నెట్ ద్వారా వచ్చింది మీ పేరు మీద ఉంటుంది. మిమ్మల్ని చేర్చుకునే గుర్తింపు పొందిన సంస్థకు దాన్ని తీసుకువెళ్లవచ్చు. ఒక ప్రొఫెసర్‌కు వచ్చిన ప్రాజెక్టులో ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఆ ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. రెండోది తక్కువదని నా ఉద్దేశం కాదు. పరికరాల మీద చేయి తిరగడానికి అది మంచి అవకాశం. కానీ ఐదేళ్ల భరోసా కావాలనుకునే ఇంటికి మొదటిదే సరిపోతుంది.

ఇంత చెప్పాక నా అసలు సలహా ఏమిటంటే, నెట్‌ను రెండో దారిగా పెట్టుకుని పీజీ, పీహెచ్‌డీ కలిసి ఉండే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీని మొదటి దారిగా పెట్టుకోండి. పరిశోధన సంస్థలైన బెంగళూరులోని ఐఐఎస్‌సీ, జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్, తిరుపతి ఐసర్‌తో సహా కొన్ని ఐసర్‌లు బీఎస్సీ అయినవారిని నేరుగా ఇందులోకి తీసుకుంటాయి. ఐఐఎస్‌సీ కెమిస్ట్రీకి జామ్ (ఐఐటీలు పెట్టే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) స్కోరు కావాలి. టీఐఎఫ్‌ఆర్ తన పరీక్షను తానే పెట్టుకుంటుంది. జామ్‌కు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దరఖాస్తులు తీసుకుని ఫిబ్రవరిలో పరీక్ష పెడతారు. టీఐఎఫ్‌ఆర్ పరీక్ష మామూలుగా డిసెంబరులోనే ఉంటుంది. డిగ్రీ పూర్తయ్యాక చూద్దాంలే అనుకుంటే ఒక ఏడాది చేజారినట్టే. ఈ కోర్సుల్లో మొదట్లో పీజీ స్థాయి పాఠాలు, ప్రయోగాలు ఉంటాయి. ఆ దశలో ఉపకారవేతనం జేఆర్‌ఎఫ్ కన్నా తక్కువ, ఆ తరువాత పీహెచ్‌డీ స్థాయికి పెరుగుతుంది. మన డిగ్రీ కళాశాలల్లో అణువుల నిర్మాణాన్ని తేల్చే ఎన్‌ఎంఆర్ గురించి పుస్తకంలో చదవడమే గానీ యంత్రాన్ని చూసినవారు తక్కువ. ఆ లోటు ఈ తొలి దశలో తీరుతుంది. నేరుగా పీహెచ్‌డీలో చేరి, మధ్యలో ఏ కారణం చేతనైనా మానేయవలసి వస్తే చేతిలో బీఎస్సీ తప్ప మరేమీ ఉండదు. ఆ ముప్పు గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి.

విశాఖ పీజీ

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతున్నాను. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ సీట్లు ఒక్కో విభాగంలో చాలా తక్కువ. దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకుండా ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు కూడా రాయండి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ ఉన్నాయి. జామ్ స్కోరుతో ఐఐటీలలో కూడా ఎమ్మెస్సీ చేయవచ్చు. సిలబస్ దాదాపు ఒకటే కనుక అదనపు చదువు పెద్దగా ఉండదు. మంచి విభాగంలో పీజీ చేసి, 55 శాతంతో నెట్ రాస్తే జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కూడా చేతికి వస్తుంది. మీ ఇంటి పరిస్థితుల్లో ఆ అర్హత తక్కువదేమీ కాదు. పరిశోధన రెండేళ్లు ఆలస్యమైందని ఎవరూ తప్పుపట్టరు.

ఇంకొక విషయంలో జాగ్రత్త. దరఖాస్తుకు ఒక పరిశోధన పత్రం అచ్చయి ఉండాలని చెప్పి, కొన్ని వేల రూపాయలు తీసుకుని వారంలో ప్రచురించే పత్రికలు ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి. బీఎస్సీ విద్యార్థి నుంచి ప్రచురణను ఎవరూ ఆశించరు; అలాంటి పత్రిక పేరు దరఖాస్తులో కనిపిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

రసాయనశాల మాస్టారు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు కెమిస్ట్రీ చెబుతున్నాను. సిఫారసు లేఖల గురించి, పత్రాల గురించి చెబుతాను, ఎందుకంటే ప్రతిభ ఉండి కూడా పిల్లలు వెనకబడేది ఎక్కువగా ఇక్కడే.

లేఖ రాసేవారి హోదా కన్నా వారికి మీ గురించి ఎంత తెలుసన్నది ముఖ్యం. ప్రిన్సిపాల్ గారి సంతకం ఉంటే బరువు ఉంటుందని చాలామంది ఆయన దగ్గరికి వెళతారు. ఆయన మిమ్మల్ని తరగతిలో చూసి ఉండకపోతే ‘ఈ విద్యార్థిని క్రమశిక్షణ గలది, కష్టపడే స్వభావం గలది’ అని రెండు వాక్యాలు రాసి ఊరుకుంటారు. అలాంటి లేఖలు ఎంపిక సంఘం ముందు గుట్టలుగా ఉంటాయి. మీరు బ్యూరెట్ పట్టుకున్న తీరు, ఒక నమూనా ఫలితం తేడాగా వస్తే మళ్లీ చేశారా లేదా అన్నది కళ్లారా చూసిన అధ్యాపకుడు రాయాలి. ఆయన పీహెచ్‌డీ చేయకపోయినా ఫరవాలేదు. మీ ప్రాజెక్టు గైడ్ ఒక లేఖ, మూడేళ్లు మీకు ప్రాక్టికల్స్ చేయించిన వారెవరో వారు మరొకటి రాస్తే సరిపోతుంది.

ఆయన్ను అడిగేటప్పుడు ఒక కాగితం రాసి ఇవ్వండి. ఏ కోర్సుకు, ఏ సంస్థకు, ఏ తేదీలోగా లేఖ పంపాలి. ఆయన దగ్గర ఏ పేపర్లు చదివారు, ఎన్ని మార్కులు వచ్చాయి. ప్రాజెక్టులో ఆయన గమనించిన సందర్భాలు ఏవి. ఇది ఆయనకు లేఖ మీరే రాసి ఇవ్వడం కాదు. అరవై మంది విద్యార్థులున్న అధ్యాపకుడికి ఎవరు ఏం చేశారో జ్ఞాపకం చేయడం మాత్రమే. కనీసం మూడు వారాల ముందు అడగండి. ఇప్పుడు చాలా సంస్థలు లేఖను మీ చేతికి ఇవ్వనివ్వవు. అధ్యాపకుడి ఈమెయిల్‌కు నేరుగా ఒక లింకు పంపుతాయి. మన కళాశాలల్లో చాలామంది ఈమెయిల్ రోజూ చూడరు. ఆ లింకు స్పామ్‌లో పడి గడువు దాటిపోయిన సందర్భాలు నేనెరుగుదును. లింకు వచ్చిందో లేదో మర్యాదగా ఫోన్ చేసి కనుక్కోండి, అవసరమైతే పక్కన కూర్చుని అప్‌లోడ్ చేయడంలో సాయపడండి, కానీ లేఖలో ఏముందో చూపించమని అడగవద్దు.

ఇక పత్రాలు. మీరు ఓబీసీ కోటాలో దరఖాస్తు చేస్తున్నట్లయితే, మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీసీ ధ్రువపత్రం కేంద్ర సంస్థలకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని స్పష్టంగా ఉన్న ఓబీసీ పత్రం తహసీల్దార్ కార్యాలయం నుంచి విడిగా తెచ్చుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కనుక ముందు ఆ జాబితా చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఏ ఆర్థిక సంవత్సరానికి ఇచ్చారో తేదీలు సరిచూసుకోవాలి. సచివాలయంలోనో మీసేవలోనో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పరీక్ష దరఖాస్తు గడువు రోజుల్లో పరుగులు పెడితే పని కాదు.

మరొకటి, పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం మన దగ్గర చాలా మామూలు. దరఖాస్తులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాసి, ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందుగానే సరిచేయించండి. మీ విశ్వవిద్యాలయం గ్రేడ్ పాయింట్లు ఇస్తుంటే, వాటిని శాతంగా ఎలా మార్చాలో తెలిపే పత్రాన్ని పరీక్షల విభాగం నుంచి తీసుకోండి. 75 శాతం నిబంధన దగ్గర ఆ ఒక్క కాగితమే మీ అర్హతను తేలుస్తుంది.

దరఖాస్తులు చదివే వ్యక్తి

నేను ఒక పరిశోధన సంస్థలో రసాయన శాస్త్రవేత్తను. ఏటా మా విభాగానికి వచ్చే దరఖాస్తులను చదివే కమిటీలో, ఇంటర్వ్యూ చేసే బృందంలో ఉంటాను. స్టేట్‌మెంట్ గురించి మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాలని చాలా ఇష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే చిన్న కళాశాలల నుంచి వచ్చే పిల్లలు తమ దగ్గరున్న మంచి సరుకును దాచిపెట్టి, ఎవరో నేర్పిన పడికట్టు వాక్యాలు రాసి పంపడం ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

చాలా దరఖాస్తులు ‘చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం’ అని మొదలవుతాయి. తరువాత అబ్దుల్ కలాం గారి మాట ఒకటి, తరువాత ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో’ అంటూ మా సంస్థ గురించి పొగడ్త. ఇవన్నీ తీసివేస్తే రాసిన వ్యక్తి గురించి నాకు తెలిసింది శూన్యం. నేను వెతికేవి వేరు. ఈ అమ్మాయి తన చేతులతో ఏం చేసింది? అనుకోనిది ఏం కనిపించింది? కనిపించినప్పుడు ఏం చేసింది? ఇప్పుడు ఆమెకు తెలుసుకోవాలని ఉన్నది ఏమిటి? ఈ నాలుగింటికి ఒక పేజీలో జవాబు దొరికితే, ఇంగ్లీషులో వ్యాకరణ దోషాలున్నా ఆ దరఖాస్తును పక్కన పెట్టను.

మీ ప్రాజెక్టునే తీసుకుందాం. ‘నేను గ్రామాల్లో ఫ్లోరైడ్ కొలిచాను, అది ప్రజల ఆరోగ్యానికి ప్రమాదకరం’ అని రాస్తే అది వార్తాపత్రిక వాక్యం. ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములని మాకు తెలుసు. స్పాడ్‌న్స్ పద్ధతిలో ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని పట్టుకుపోవడంతో రంగు వెలిసిపోతుంది, ఆ వెలిసిన మేర నుంచి మీరు ఫ్లోరైడ్‌ను లెక్కిస్తారు. అంటే ఆ రంగును వెలిసేలా చేసే వేరే పదార్థం ఏది నీటిలో ఉన్నా మీ లెక్క తప్పుతుంది. మీరు తీసుకున్న నమూనాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీరు ఏమైనా ఉందా? ఉంటే దాని ఫలితం, ఆ ట్యాంకుకు నీరు పంపే బోరు ఫలితం పక్కపక్కన పెట్టి చూశారా? మీ నోటుపుస్తకంలో వింతగా అనిపించిన అంకె ఏదైనా ఉంటే అక్కడే మీ స్టేట్‌మెంట్ మొదలవుతుంది.

ఇంటర్వ్యూ గురించి భయం వద్దు. మేము అడిగేవి మీ మొదటి, రెండో ఏడాది పాఠాలే. బోర్డు దగ్గరికి పిలిచి, ద్రావణం గాఢతకూ అది పీల్చుకునే కాంతికీ ఉన్న సంబంధాన్ని చెప్పే బీర్–లాంబర్ట్ నియమం రాయమంటాము; గాఢత ఎక్కువైనప్పుడు గీత ఎందుకు వంగుతుందని అడుగుతాము; మీరు 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే ఎందుకు కొలిచారని అడుగుతాము. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినంతవరకు ఎలా ఆలోచిస్తారో పైకి చెబితే చాలు. ఇంగ్లీషు తడబడితే నెమ్మదిగా మాట్లాడండి, సమీకరణం, బొమ్మ బోర్డు మీద వేసి చూపండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి చక్కగా నెగ్గుకొచ్చినవారిని నేను చాలామందిని చూశాను. గట్టిగా చదవవలసింది భౌతిక రసాయన శాస్త్రం. డిగ్రీలో సూత్రాలు బట్టీ పట్టి గట్టెక్కినవారు దొరికిపోయేది అక్కడే.

ఏదైనా ప్రయోగశాలలో చేరే ముందు ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయాలనుకుంటే ఐదారు వాక్యాలకు మించవద్దు. మీరెవరు, ఏం చేశారు, వారి పనిలో మీరు చదివి అర్థం చేసుకున్న ఒక విషయం, మీ ప్రశ్న. ఒకే ఈమెయిల్‌ను యాభై మందికి పంపితే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి వాటికి జవాబు రాదు.

కనిగిరి విద్యార్థిని

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మాస్టారూ, ఓబీసీ పత్రం కోసం సచివాలయంలో దరఖాస్తు పెట్టాను. మా కులం కేంద్ర జాబితాలో ఉంది. జామ్ సిలబస్ తీసుకుని భౌతిక రసాయన శాస్త్రంతో మొదలుపెట్టాను. పీజీసెట్ కూడా రాస్తానని ఇంట్లో చెప్పడంతో నాన్నగారు కొంత స్థిమితపడ్డారు.

మేడమ్, మీరు అడిగిన ప్రశ్న చదివాక నా నోటుపుస్తకం తీసి చూశాను. ఒక గ్రామంలో బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చింది. అదే బోరు నుంచి నిండే ట్యాంకు కుళాయిలో 2.6 వచ్చింది. ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను. ట్యాంకులో క్లోరిన్ కలుపుతారని పంచాయతీవారు చెప్పారు. మా గైడ్ సమక్షంలో, ఆ నమూనాకు సోడియం ఆర్సినైట్ చేర్చి క్లోరిన్‌ను తొలగించి మళ్లీ కొలిస్తే 2.2 వచ్చింది. ఈ సంగతితోనే స్టేట్‌మెంట్ ఇలా మొదలుపెట్టాను, దయచేసి చూడండి:

‘ఒకే బోరు నీరు ట్యాంకులోకి వెళ్లాక అందులో ఫ్లోరైడ్ పెరిగినట్టు నా కొలతలో కనిపించింది. నీరు ట్యాంకులో నిలిచినంత మాత్రాన ఫ్లోరైడ్ పెరగడానికి కారణం లేదు కనుక కొలత పద్ధతిని అనుమానించాను. క్లోరిన్‌ను తొలగించాక రెండు ఫలితాలూ దగ్గరికి వచ్చాయి. మా మండలంలో కుళాయి నీటిని ఈ పద్ధతిలో పరీక్షించిన మిగతా ఫలితాల్లో ఎన్నింటికి ఈ జాగ్రత్త తీసుకున్నారో తెలుసుకోవాలని ఉంది.’

దరఖాస్తులు చదివే వ్యక్తి

చాలా సంతోషంగా ఉంది. ఈ నాలుగు వాక్యాలు చదివిన ఏ కమిటీ అయినా మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలవాలని అనుకుంటుంది. కొన్ని మార్పులు సూచిస్తున్నాను.

అంకెలను పేరాలోనే రాయండి: 2.1, 2.6, 2.2. ‘పెరిగినట్టు కనిపించింది’ అన్న మాట కన్నా ఆ మూడు అంకెలు ఎక్కువ చెబుతాయి. ఈ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే సూటిగా పనిచేస్తుంది కాబట్టి మీరు నమూనాను పలుచన చేసి కొలిచి ఉండాలి. ఎంత పలుచన చేశారో ఒక్క మాటలో చేర్చండి. అది లేకపోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఒక్కో నమూనాను ఎన్నిసార్లు కొలిచారో కూడా రాయండి, లేకపోతే 2.1కీ 2.2కీ మధ్య తేడా నిజమైనదా, కొలతలో సహజంగా వచ్చే ఊగిసలాటా అని అడుగుతారు.

చివరి వాక్యంలోని ప్రశ్న మంచిదే గానీ దాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లవచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే నల్గొండ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. అలా శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగిలిపోవచ్చు. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది కనుక స్పాడ్‌న్స్ కొలతలో ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. క్లోరిన్ వల్ల ఎక్కువగా, అల్యూమినియం వల్ల తక్కువగా కనిపించే నీటిలో నిజమైన ఫ్లోరైడ్‌ను పల్లెలోనే, తక్కువ ఖర్చుతో ఎలా కొలవాలి అన్నది ఒక పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న. దాన్ని మీ మాటల్లో రాసి, మీరు దరఖాస్తు చేసే విభాగంలో రసాయన సెన్సర్ల మీద ఎవరు పనిచేస్తున్నారో చూసి, వారి పనికీ మీ ప్రశ్నకూ ఉన్న సంబంధాన్ని రెండు వాక్యాల్లో చెప్పండి. మీ గైడ్ గారికి ఈ చిత్తుప్రతి చూపించండి. సిఫారసు లేఖలో ఆయన ఇదే సందర్భాన్ని తాను చూసినట్టుగా రాస్తే మీ మాటకు బలం వస్తుంది.